16 ఎకరాలకు ఆర్కిటెక్ట్ కావలెను

2002 జులై 20, శనివారం. న్యూయార్క్‌లోని జావిట్స్ సెంటర్‌లో సుమారు 4,500 మంది, బల్లకు పదేసి మంది చొప్పున, గుండ్రటి బల్లల చుట్టూ కూర్చున్నారు. వరల్డ్ ట్రేడ్ సెంటర్ కూలి అప్పటికి పది నెలలు. ఖాళీ అయిన ఆ 16 ఎకరాల్లో మళ్లీ ఏం కట్టాలో చూపిస్తూ ఆరు ప్లాన్లు ఆ వారమే బయటపెట్టారు. వాటి మీద మీ మాట చెప్పండి అని జనాన్ని పిలిచారు. వచ్చినవాళ్లు మొహమాటపడలేదు. ఆరింటిలో ఒక్కటీ నచ్చలేదన్నారు. ఆరూ ఒకే అచ్చులో పోసినట్టున్నాయన్నారు.

తిట్లన్నీ ఆర్కిటెక్టులకే పడ్డాయి. ఆ ప్లాన్లు గీసిన బేయర్ బ్లైండర్ బెల్ సంస్థ చేతగానిదేం కాదు. గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌కు పాత అందం తిరిగి తెచ్చింది వాళ్లే. మరి ఆరు ప్లాన్లూ ఒకేలా ఎందుకొచ్చాయి? వాళ్ల చేతికిచ్చిన కాగితంలోనే జవాబు ఉంది. కోటీ పది లక్షల చదరపు అడుగుల ఆఫీసులు, ఆరు లక్షల చదరపు అడుగుల షాపులు, ఒక హోటలు, వీటన్నిటి మధ్య ఒక స్మారకం. ఆరు ప్లాన్లకూ ఇవే లెక్కలు. ఒకే కొలతలిచ్చి ఆరు చొక్కాలు కుట్టమంటే రంగు మారుతుంది, గుండీలు మారతాయి, చొక్కా మారదు.

ఆ కోటీ పది లక్షల అంకె ఎక్కడిది? స్థలం పోర్ట్ అథారిటీ అనే ప్రభుత్వ సంస్థది. టవర్లు కూలడానికి ఏడు వారాల ముందు, 2001 జులైలో, ల్యారీ సిల్వర్‌స్టీన్ అనే రియల్ ఎస్టేట్ వ్యాపారి వాటిని 99 ఏళ్లకు లీజుకు తీసుకున్నారు. భవనాలు పోయినా అద్దె ఆగలేదు, ఏడాదికి సుమారు 12 కోట్ల డాలర్లు. పోయిన ఆఫీసు స్థలమంతా తిరిగి కట్టుకునే హక్కు నాకుందని ఆయన, అద్దె వదులుకోలేమని పోర్ట్ అథారిటీ. ఆ అంకెను ఏ ఆర్కిటెక్టూ పెట్టలేదు. లీజు దస్తావేజులోంచి లేచి నేరుగా డ్రాయింగు బల్ల మీదికి వచ్చి కూర్చుంది.

పాత పేటనో, మూతపడిన రేవునో, కూలిన ప్రాంతాన్నో మళ్లీ కట్టడానికి ఆర్కిటెక్ట్‌ను ఎలా ఎంచుకోవాలి అన్న చర్చ వచ్చినప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది ఈ కథే. మామూలుగా మాటలు నడిచేది చివరి అంకం గురించి: ఎవరికి పేరుంది, పోటీ పెట్టాలా వద్దా, జ్యూరీలో ఎవరుండాలి. కానీ ఆర్కిటెక్ట్ ఇంకా గుమ్మం తొక్కకముందే సగం ఎంపిక అయిపోతుంది. ఏం అడుగుతున్నారు, అడుగుతున్నది ఎవరు, చివరి మాట ఎవరిది? ఇవి తేలకుండా పిలిస్తే ఎంతటివాళ్లు వచ్చినా ఆ ఆరు ప్లాన్లే మళ్లీ గీస్తారు.

కాగితం సంగతి

ఆ కాగితాన్ని ఈ రంగంలో బ్రీఫ్ అంటారు. చాలా బ్రీఫ్‌లు కోరికల చిట్టాలు: ఇన్ని ఇళ్లు, ఇన్ని ఆఫీసులు, ఒక మ్యూజియం, 'ప్రపంచ స్థాయి' అనే మాట కనీసం నాలుగుసార్లు. వాటికన్నా ముందు ఉండాల్సింది నిజాల చిట్టా. భూమి ఎవరి పేరు మీద ఉంది? ఎవరి లీజు ఇంకా ఎన్నేళ్లుంది? కింద ఏ పైపులు, ఏ రైలు సొరంగాలు పోతున్నాయి? పాత ఫ్యాక్టరీల వల్ల మట్టి ఎంత పాడైంది? ఇప్పుడు అక్కడ ఎవరు బతుకుతున్నారు? డబ్బు ఎక్కడినుంచి, ఏ ఏడు, ఎంతెంత వస్తుంది?

ఇదంతా రాశాక ఒక్కో అంశం పక్కన మూడు మాటల్లో ఏదో ఒకటి రాసి చూడండి: 'కదలదు', 'మాట్లాడుకోవచ్చు', 'తెలియదు'. మూడో మాట రాయడానికి ఆఫీసుల్లో అందరూ జంకుతారు. తెలియదని రాస్తే అసమర్థులమని అనుకుంటారని భయం. నిజానికి మంచి ఆర్కిటెక్ట్ వల్ల ఎక్కువ లాభం వచ్చేది అక్కడే. ఎన్ని ఇళ్లు పడతాయో మీకు ముందే తెలిసిపోతే ఆర్కిటెక్ట్ ఎందుకు, చెప్పింది గీసిపెట్టే డ్రాఫ్ట్స్‌మన్ చాలు.

ఇంకో చిన్న జాగ్రత్త. అసలు ఎంపికకు ముందు ఒక చిన్న బృందానికి కొద్దిపాటి ఫీజిచ్చి, మీరు అడుగుతున్నదంతా ఆ స్థలంలో పడుతుందో లేదో మూణ్ణాలుగు నెలలు లెక్క వేయించాలి. ఈ పని చేసినవాళ్లు తర్వాత అసలు ఎంపికలో పోటీపడకూడదని ముందే రాసుకుంటే ఇంకా మంచిది. నేలను, సూర్యకాంతిని, రోడ్ల సామర్థ్యాన్ని చూసి అంకెను సరిచేసుకోవడం అప్పుడైతే చవక. పెద్ద పేర్లు వచ్చి, పేపర్లో బొమ్మలు పడ్డాక అదే అంకె తగ్గించాలంటే పరువు ప్రశ్న అవుతుంది.

చివరి మాట ఎవరిది?

న్యూయార్క్ కథలో రెండో అంకం ఇంకా విచిత్రం. జావిట్స్ సెంటర్‌లో ఆ దెబ్బ తగిలాక, పునర్నిర్మాణం కోసం గవర్నర్ ఏర్పాటు చేసిన లోయర్ మన్‌హటన్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ప్రపంచం నలుమూలల నుంచీ పిలిచింది. 400కు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఏడు బృందాలను తీసుకుని ఒక్కోదానికి 40,000 డాలర్లిచ్చింది. వాళ్లకైన అసలు ఖర్చుకు అది ఏ మూలకూ చాలదు. డిసెంబరులో తొమ్మిది డిజైన్లు జనం ముందుకొచ్చాయి. 2003 ఫిబ్రవరికి ఇద్దరు మిగిలారు: ఒకరు డేనియల్ లిబెస్కిండ్, రెండోది రఫాయెల్ విన్యోలీ, షిగెరు బాన్ వంటివాళ్లున్న 'థింక్' బృందం. ఎంపిక కమిటీ థింక్ వైపు మొగ్గింది. గవర్నర్ జార్జ్ పటాకీ లిబెస్కిండ్ అన్నారు. ఫిబ్రవరి 27న ప్రకటించింది లిబెస్కిండ్ పేరు.

సరే, గవర్నర్ మాట నెగ్గింది, అక్కడితో అయిపోవాలి. అవలేదు. ఎందుకంటే లీజూ, బీమా డబ్బూ సిల్వర్‌స్టీన్ చేతిలో ఉన్నాయి. ఆయన ఎంచుకున్న ఆర్కిటెక్ట్ వేరు, ఎస్‌ఓఎం సంస్థలోని డేవిడ్ చైల్డ్స్. ఇద్దరూ కలిసి పనిచేయాలని జులైలో ఒక రాజీ కుదిర్చారు. ఏడాది తిరిగేసరికి ఫీజు బాకీ కోసం లిబెస్కిండ్ సిల్వర్‌స్టీన్ మీద కోర్టుకెక్కారు. 2005లో పోలీసు శాఖ భద్రత చాలదని అభ్యంతరం చెప్పాక పెద్ద టవర్‌ను చైల్డ్స్ మళ్లీ మొదటినుంచి గీశారు. స్మారకానికి విడిగా పోటీ పెట్టారు, 5,201 ఎంట్రీలు వచ్చాయి, మైకేల్ అరాడ్ గెలిచారు. ఆయన డిజైను కూడా లిబెస్కిండ్ ప్లాన్‌ను అలాగే పాటించలేదు.

సంబంధం చూడడానికి ఒకరు, ఖాయం చేయడానికి ఇంకొకరు, పెళ్లి ఖర్చు పెట్టడానికి మూడోవారు వస్తే ఆ ఇంట్లో ఏమవుతుందో ఇక్కడా అదే అయింది. చెక్కు మీద సంతకం పెట్టే మనిషి ఎంపిక గదిలో కూర్చోవాలి. కూర్చోనంటే, వచ్చిన ఫలితానికి కట్టుబడతానని ముందే రాసివ్వాలి. ఈ రెండూ లేనప్పుడు పోటీ పెట్టడం ఆర్కిటెక్టులకు చేసే అన్యాయం.

బెర్లిన్‌లోని పోట్స్‌డామర్ ప్లాట్జ్‌లో ఇదే గొడవ ఇంకోలా ముగిసింది. గోడ కూలగానే అక్కడి భూమిని నగరం 1990లో డైమ్లర్ బెంజ్‌కు అమ్మేసింది. మొత్తం ప్రాంతానికి ప్లాన్ పోటీ జరిగింది మాత్రం ఆ మరుసటి ఏడు. పిలుపు అందుకున్న 16 సంస్థల్లోంచి హిల్మర్ అండ్ జాట్లర్ గెలిచారు. ఎత్తు తక్కువ బ్లాకులు, ఇరుకు వీధులు, పాత యూరప్ నగరంలాంటి ప్లాన్. పెట్టుబడిదారులకు నచ్చలేదు. రిచర్డ్ రోజర్స్‌తో సొంతంగా ఇంకో ప్లాన్ గీయించుకుని తెచ్చారు. నగరం కొద్దిగా సర్దుకుంది గానీ వీధుల విషయంలో పట్టు వదల్లేదు. డైమ్లర్ తర్వాత తన భాగానికి విడిగా పెట్టుకున్న పోటీలో రెంజో పియానో గెలిచి, ఆ వీధుల గీతల మధ్యే పని చేశారు. భూమి అమ్మేశాక పోటీ పెట్టడం తలకిందుల వ్యవహారమే. అయినా ఒక్క విషయంలో, ఏది బేరానికి లేదో నగరానికి తెలుసు.

గీసేదేమిటి మరి?

ఇక్కడ ఒక అపార్థం తొలగించుకోవాలి. భవనం గీసేవాళ్లూ, ఊరి ముక్కకు ప్లాన్ వేసేవాళ్లూ ఒకే డిగ్రీ చదువుకుంటారు కాబట్టి రెండూ ఒకే పని అనుకుంటాం. భవనం మూడు నాలుగేళ్లలో అయిపోతుంది, యజమాని ఒకరే ఉంటారు. ప్లాన్ పాతికేళ్లు నడుస్తుంది. మధ్యలో ప్రభుత్వాలు మారతాయి, వడ్డీ రేట్లు మారతాయి, ఒకప్పుడు ఆఫీసులు కావాలన్నవాళ్లు ఇప్పుడు ఇళ్లు కావాలంటారు. ఆ ప్లాన్ వేసినవాళ్లకే తెలియని ఇరవై మంది ఆర్కిటెక్టులు అందులో భవనాలు కడతారు. కాబట్టి ప్లాన్ వేసేవారు గీయాల్సింది ముఖ్యంగా మారనివి: వీధులు, ఖాళీ జాగాలు, ప్లాట్ల హద్దులు, ఎక్కడ ఎంత ఎత్తు. మిగిలినదాన్ని వదిలిపెట్టడం కూడా నైపుణ్యమే.

వరల్డ్ ట్రేడ్ సెంటర్ నుంచి రోడ్డు దాటితే బ్యాటరీ పార్క్ సిటీ వస్తుంది. ఆ టవర్ల పునాదులు తవ్విన మట్టి కూడా పోసి నదిలో కొంత భాగం పూడ్చి సంపాదించిన 92 ఎకరాల నేల అది. 1969లో దానికి వేసిన ప్లాన్ ఒక బ్రహ్మాండం: అన్నీ ఒకదానికొకటి అతుక్కున్న మహా కట్టడం, ఎత్తులో నడకదారులు, మొత్తం కడితేనే పనిచేసే యంత్రంలాంటిది. సగం కట్టడానికి కుదరదు. 1970లలో నగరం దివాలా అంచుకు చేరింది. నేల ఇసుక దిబ్బలా పడి ఉంది. 1979లో అలెగ్జాండర్ కూపర్, స్టాంటన్ ఎక్స్‌టట్ కొత్త ప్లాన్ వేశారు. చూస్తే గొప్పగా ఏమీ ఉండదు. పక్కనున్న మన్‌హటన్ వీధులనే నది దాకా పొడిగించారు. మధ్య నేలను మామూలు ప్లాట్లుగా కోశారు. నది ఒడ్డున నడవడానికి బాట. భవనాల కింది అంతస్తులకు రాయి వాడాలి, గోడలు వీధి అంచుకు ఉండాలి లాంటి కొన్ని నియమాలు. ఒక ప్లాట్ కట్టడానికి ఒక డెవలపర్ దొరికితే చాలు, పక్కది పదేళ్లు ఆగినా ఊరికి నష్టం లేదు.

1969 ప్లాన్, 1979 ప్లాన్ పక్కపక్కన జ్యూరీ ముందు పెడితే ఏది గెలిచి ఉండేదో ఊహించడం కష్టం కాదు. మొదటిదే. గోడకు తగిలిస్తే అదే బాగుంటుంది.

ఎంచుకునే దారులు

సూటిగా పిలవడం అన్నిటికన్నా పాత పద్ధతి. బార్సిలోనా ఒలింపిక్ గ్రామానికి 1980లలో ప్లాన్ వేసే పనిని నగరం పోటీ లేకుండానే మార్టోరెల్, బొహిగాస్, మెకే సంస్థ బృందానికి అప్పగించింది. అందులో ఇళ్ల బ్లాకులను మాత్రం స్థానికంగా పేరున్న ఒక అవార్డు గెలిచిన ఆర్కిటెక్టులకు పంచారు. ప్లాన్‌కు ఒక్క బుర్ర, భవనాలకు చాలా చేతులు. ఈ పద్ధతి నడవాలంటే పిలిచేవాళ్లకు విషయం తెలిసి ఉండాలి, జనానికి వాళ్ల మీద నమ్మకం ఉండాలి. ఈ రెండూ ఒకచోట దొరకడం అరుదు. లేకపోతే బంధుప్రీతికి ఇంతకన్నా రాచబాట లేదు.

రెండోది అర్హతలు చూసి పిలిచి, ఫీజు తర్వాత మాట్లాడుకోవడం. అమెరికా కేంద్ర ప్రభుత్వం 1972 నాటి బ్రూక్స్ చట్టం ప్రకారం ఆర్కిటెక్టులను, ఇంజినీర్లను ఇలాగే ఎంచుకుంటుంది. ముందు ఎవరు అందరికన్నా సమర్థులో తేల్చి, వాళ్లతో ఫీజు బేరం మొదలుపెడతారు. కుదరకపోతే రెండోవారిని పిలుస్తారు.

మూడోది నాణ్యతకూ ఫీజుకూ కలిపి మార్కులు వేసే టెండరు. 2019లో ఢిల్లీ సెంట్రల్ విస్టాకు 80–20 నిష్పత్తిలో ఎంచుకున్నది ఇలాగే. బిమల్ పటేల్ గారి హెచ్‌సీపీ డిజైన్ సంస్థ వచ్చింది. అందరికీ తెరిచిన డిజైన్ పోటీ ఎందుకు పెట్టలేదన్నది అప్పటి విమర్శల్లో ముఖ్యమైనది. నాణ్యతకు 80 అంటే నాణ్యతదే రాజ్యం అనిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం. ఒక సంస్థకు నాణ్యతలో 90 మార్కులు, ఫీజు 100 అడిగింది. రెండో సంస్థకు 80 మార్కులు, ఫీజు 50. అందరికన్నా తక్కువ అడిగినవాళ్లకు ఫీజు మార్కులు పూర్తిగా 20 పడతాయి, రెట్టింపు అడిగినవాళ్లకు 10. మొదటి సంస్థకు 72, 10 కలిపి 82. రెండోదానికి 64, 20 కలిపి 84. పది మార్కులు మెరుగైనవాళ్లు ఓడిపోయారు. పైగా కమిటీ సభ్యులు ఎవరినీ నొప్పించకుండా అందరికీ 78కీ 85కీ మధ్య వేస్తారు. అప్పుడు నిర్ణయించేది చాలావరకు ఆ ఇరవయ్యే. మొత్తం ప్రాజెక్టు ఖర్చులో ప్లాన్ ఫీజు చాలా చిన్న ముక్క. అక్కడ మిగుల్చుకున్నది, ఒక వీధి తప్పుగా గీస్తే అంతకు అంతా పోతుంది.

నాలుగోది, డెవలపర్ తన ఆర్కిటెక్ట్‌తో కలిసి రావడం. లండన్‌లో కింగ్స్ క్రాస్ వెనక 67 ఎకరాల రైల్వే భూమిలో ముందు ఆర్జెంట్ అనే డెవలపర్‌ను ఎంచుకున్నారు. ప్లాన్ వేసింది ఆలీస్ అండ్ మోరిసన్, పోర్ఫీరియోస్ అసోసియేట్స్. నేను ఈ పద్ధతికి అభిమానిని కాదు, ఎందుకంటే ప్లాన్ వేసేవాళ్లకు జీతం ఇచ్చేది లాభం చూసుకునేవాళ్లే. కానీ కింగ్స్ క్రాస్ వాళ్లు బొమ్మలకు ముందు 2001లో, ఎలాంటి ఊరు కావాలో పది సూత్రాలుగా చిన్న పుస్తకం అచ్చువేసి జనంతో మాట్లాడారు. 2006లో అనుమతి వచ్చేటప్పటికి వీధులూ ఖాళీ జాగాలూ ఖాయం చేసి, భవనాల్లో ఏది ఎంత అన్నదానికి వెసులుబాటు ఉంచుకున్నారు. రెండేళ్లకే ప్రపంచం ఆర్థిక మాంద్యంలో పడింది. ఆ వెసులుబాటు అక్కరకొచ్చింది.

అయిదోది పోటీ. దీని దగ్గర కాస్త ఆగాలి.

పోటీకి ఉన్న గొప్ప గుణం, పేరులేనివాళ్లకు తలుపు తెరవడం. ఎంట్రీ మీద పేరుండదు, నంబరే ఉంటుంది. కవరు విప్పేది తీర్పు అయ్యాకే. కానీ ఆ ముసుగు వల్లే ఒక నష్టం కూడా ఉంది. ఎంట్రీ పంపేవాళ్లు మీతో మాట్లాడలేరు. మీరు వాళ్లను ప్రశ్నించలేరు. పాతికేళ్ల సంభాషణకు మనిషిని ఎంచుకుంటూ, ఒక్క మాట కూడా మాట్లాడకుండా ఎంచుకుంటున్నారన్నమాట. అందుకే రెండు దశల పోటీ మెరుగు: మొదట పేరులేకుండా నాలుగైదు ఎంట్రీలు, తర్వాత వాళ్లకు సరైన డబ్బిచ్చి, స్థలం చూపించి, ముఖాముఖి వర్క్‌షాపులు.

జ్యూరీని ఎంట్రీలు రాకముందే ప్రకటించాలి. పోటీలో దిగేవాళ్లు జ్యూరీని చూసే దిగుతారు. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెరాకు 1911లో పోటీ పెట్టినప్పుడు చివరి తీర్పు మంత్రి కింగ్ ఓ'మాలీదే అన్నారు. బ్రిటిష్ ఆర్కిటెక్టుల సంఘం బహిష్కరించింది. అయినా 137 ఎంట్రీలు వచ్చాయి. షికాగోకు చెందిన వాల్టర్ బర్లీ గ్రిఫిన్ గెలిచారు. అప్పటికి ఆయన ఆ నేలను కంటితో చూసింది లేదు. గెలిపించిన బొమ్మలు ఆయన భార్య మేరియన్ మహోనీ చేతివి, ఇప్పటికీ చూడముచ్చటగా ఉంటాయి. గెలిచాక ప్రభుత్వ శాఖల బోర్డు ఒకటి అక్కడా ఇక్కడా ముక్కలు తీసి సొంత ప్లాన్ తయారుచేసుకుంది. గోల అయ్యాక 1913లో గ్రిఫిన్‌ను పిలిపించి పదవిచ్చారు. అధికారులతో పడలేక 1920 చివర్లో వెళ్లిపోయారు. పోటీ గెలవడం వేరు, పని గెలవడం వేరు.

అక్కడే ఉండేది ఎవరు

పెద్ద పేరున్న సంస్థ ఇంటర్వ్యూకు వస్తే ముందు మాట్లాడేది ఆ పేరే. ఆ తర్వాత మళ్లీ కనబడేది ప్రారంభోత్సవానికి. ఇంటర్వ్యూలో నేనైతే అడిగే మొదటి ప్రశ్న: వారానికి నాలుగు రోజులు ఇక్కడ ఎవరుంటారు? ఆ మనిషిని మాట్లాడనివ్వండి, పెద్దాయన వింటారు.

చండీగఢ్ ఈ విషయంలో మంచి పాఠం. మొదట ఆ కొత్త ఊరికి ప్లాన్ వేసే పని ఆల్బర్ట్ మేయర్‌ది, ఆయనతో మాథ్యూ నోవిట్‌స్కీ. 1950 ఆగస్టులో విమాన ప్రమాదంలో నోవిట్‌స్కీ చనిపోయారు. పంజాబ్ అధికారులు యూరప్ వెళ్లి వెతికారు, లె కార్బూజియే దొరికారు. ఆయన ఏడాదికి రెండుసార్లు, నెలేసి రోజులు వస్తానన్నారు. రోజూ అక్కడుండే పనికి మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ మూడేళ్ల ఒప్పందం మీద వచ్చారు. పియర్ జెనరె 1965 దాకా ఉండిపోయారు. ఊళ్లో కనబడే ఇళ్లు, బడులు చాలావరకు ఈ ముగ్గురివీ, వాళ్ల దగ్గర పని నేర్చుకున్న మన ఆర్కిటెక్టులవీ. పేరు మాత్రం ఒకరిదే. అది అన్యాయమే గానీ, ఏర్పాటు తెలివైనది: ఎవరు వస్తూపోతుంటారో, ఎవరు ఉంటారో కాగితం మీద ముందే ఉంది.

పునర్నిర్మాణంలో ఇంకో పెద్ద తేడా ఉంది. ఖాళీ నేల మీద కొత్త ఊరు కాదిది, అక్కడ ఇప్పటికే మనుషులున్నారు. ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో బైకర్ అనే కార్మికుల పేటను 1960ల చివర్లో పడగొట్టి కట్టాలనుకున్నప్పుడు రాల్ఫ్ ఎర్స్‌కిన్‌ను పిలిచారు. ఆయన ఆఫీసు ఎక్కడ పెట్టారంటే ఆ పేటలోనే, అంతకుముందు శవపేటికలు, అంత్యక్రియల ఏర్పాట్లు చూసిన ఒక పాత దుకాణంలో. ఆయన సహచరుడు వెర్నన్ గ్రేసీ అక్కడే కాపురం ఉన్నారు. తలుపు ఎప్పుడూ తీసే ఉండేది. జనం ప్లాన్ల గురించే కాదు, కారే కుళాయిల గురించి కూడా వచ్చి చెప్పేవారు. ముందు 46 ఇళ్లు మాదిరిగా కట్టి, అందులో చేరబోయేవాళ్లను అడుగుతూ మార్చుకున్నారు. ఆ పని ఇప్పుడు చట్టప్రకారం రక్షిత కట్టడం.

ఇంత మంచి కథకు ఒక చేదు ముక్క ఉంది. పాత బైకర్‌లో సుమారు 17,000 మంది ఉండేవారు. కొత్త ఇళ్లలోకి తిరిగి వచ్చింది వాళ్లలో అయిదో వంతు కూడా కాదు. పడగొట్టడం ముందు, కట్టడం తర్వాత. మధ్య ఏళ్లలో జనం చెల్లాచెదురయ్యారు. ఏ బ్లాకు ఎప్పుడు కూల్చాలి, ఎవరిని ఎక్కడికి పంపాలి అన్నది ఆర్కిటెక్ట్ చేతిలో లేదు, నగరపాలక సంస్థ చేతిలో ఉంది. అందుకే 'జనంతో కలిసి పనిచేసే ఆర్కిటెక్ట్ కావాలి' అని ప్రకటనలో రాసేసి, తిరిగొచ్చే హక్కు, అద్దె, కూల్చే వరస అన్నవి రాయకపోతే, మీరు ఆర్కిటెక్ట్‌ను వెతకడం లేదు, నిందలు మోసే మనిషిని వెతుకుతున్నారు.

ఇంటర్వ్యూకు వచ్చినవాళ్లను బొమ్మలు పక్కన పెట్టమని, వాళ్ల పాత ప్లాన్ ఒకటి తీయమనండి, పదేళ్లు దాటినది. గీసినప్పటి డ్రాయింగు, ఇప్పటి ఫోటో పక్కపక్కన. ఏది కోతపడింది, ఎవరు కోశారు, మీరేం చేశారు? దీనికి తడుముకోకుండా, ఎవరినీ తిట్టకుండా జవాబిచ్చేవాళ్లు తక్కువ. వాళ్లను గుర్తుపెట్టుకోండి. వీలైతే ఆ పాత పని చూడడానికి వెళ్లండి, సంస్థవాళ్లు లేకుండా, వర్షం పడే రోజు. పాత క్లయింటుకు ఫోన్ చేయండి. ఆ తర్వాత ఒక చిన్న పరీక్ష: డబ్బు సగమే వస్తే ముందు ఏది కడతారు? వీధులూ పార్కూ అన్నారా, మధ్యలో నిలబడే టవర్ అన్నారా?

బృందంలో రవాణా, మురుగునీరు, ఖర్చుల లెక్క, చెట్లూ మట్టీ తెలిసినవాళ్లు మొదటి రోజు నుంచే ఉన్నారో లేదో చూడాలి. ఇది అందరూ చెప్పేదే కాబట్టి సాగదీయను. ఆ పేర్లు ఒప్పందంలో ఉండాలి, మారిస్తే మీ అనుమతి ఉండాలి, అంతే.

సంతకం అయ్యాక

ప్లాన్ అప్పగించి ఆర్కిటెక్ట్ వెళ్లిపోతే ఆ ప్లాన్‌కు దిక్కెవరు? ఎంపిక చేసేటప్పుడే అడగాల్సిన ప్రశ్న ఇది. హాంబర్గ్‌లోని హాఫెన్‌సిటీ 157 హెక్టార్ల పాత రేవు ప్రాంతం. 1999 పోటీలో కేసీఏపీ, ఆస్టాక్ సంస్థల బృందం గెలిచింది, 2000లో ప్లాన్ ఆమోదం పొందింది. అక్కడ నగరం చేతిలో గట్టి ఆయుధం ఉంది: భూమి తనదే. డెవలపర్‌ను ఎంచుకున్నా ప్లాట్ వెంటనే అమ్మరు. కొంత గడువిస్తారు. ఆ లోపల భవనానికి ఆర్కిటెక్టుల పోటీ పెట్టాలి, అనుమతి తెచ్చుకోవాలి. అప్పుడే భూమి చేతికొస్తుంది. మాట తప్పితే ప్లాట్ వెనక్కి. తూర్పు భాగం ప్లాన్‌ను 2010లో మళ్లీ సరిదిద్దుకున్నారు. ప్లాన్ మారడం తప్పు కాదు, ఎవరి అనుమతితో మారిందన్నదే లెక్క.

భూమి చేతిలో లేనిచోట ఇంత బలం ఉండదు. కనీసం రెండు మాటలు ఒప్పందంలో పెట్టుకోవాలి. ప్లాన్ వేసిన సంస్థకు, తర్వాత వచ్చే ప్రతి భవనం డిజైన్‌ను చూసి రాతపూర్వకంగా అభిప్రాయం చెప్పే హక్కు, దానికి ఏటా ఫీజు. అదే సంస్థ అందులో భవనాలు గీయడానికి వీల్లేదు, లేదా ఒకటికి మించి వీల్లేదు. ఈ రెండో షరతు విని ముఖం మాడ్చుకునే సంస్థలు ఉంటాయి, ఎందుకంటే అసలు డబ్బు భవనాల్లోనే ఉంది. ఎవరు ఎందుకు వచ్చారో అక్కడ తెలిసిపోతుంది.

న్యూయార్క్‌లో లిబెస్కిండ్‌కు ఇలాంటి పట్టు ఏదీ గట్టిగా దక్కలేదు. 2014లో తెరుచుకున్న వన్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ ఆయన గీసిన టవర్ కాదు. అమెరికా స్వాతంత్ర్యం ప్రకటించుకున్న ఏడాదిని గుర్తుచేసే 1,776 అడుగుల ఎత్తు ఒక్కటే ఆయనది. అయితే పాత ట్రేడ్ సెంటర్ మింగేసిన గ్రీన్‌విచ్, ఫుల్టన్ వీధులు మళ్లీ ఆ స్థలం గుండా వెళ్తున్నాయి. 2001లో టవర్లు కూలినా హడ్సన్ నది నీటిని ఆపి నిలబడిన భూగర్భ గోడను కనబడేలా ఉంచాలని ఆయన పట్టుబట్టారు. అందులో ఒక భాగం ఇప్పుడు మ్యూజియంలో ఉంది. నేల కింద, ఏడంతస్తుల లోతున.